అల్లుడిగారి లంగరు

“ఇది లంగరుకు కట్టే గొలుసా, మెళ్ళో వేసుకునేదా అల్లుడుగారూ?”

పెద్దాయన ‘గారు’ అన్నాడంటే అవతలివాడికి మూడినట్టే. పడవ సామాన్ల కొట్టువాడు నవ్వు ఆపుకోలేక రంగు డబ్బాల వైపు తిరిగాడు. అల్లుడు మాత్రం తళతళలాడే స్టీలు గొలుసును రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“ఇది తుప్పు పట్టదట కదా మామయ్యా?”

“పట్టదు. చెప్పాపెట్టకుండా తెగుతుంది. జింకు పూత పూసిన ఇనుమైతే పాడయ్యే ముందు ఎర్రబడి చెబుతుంది. మెరిసేదల్లా మంచిదైతే మీ క్లినిక్కులో లైటునే లంగరు వేసుకోవచ్చు.”

అల్లుడు పళ్ళ డాక్టరు. పెద్దాయన లెక్కలో అదొక పనే కాదు. ఎదుటివాడి నోరు తెరిపించి, మాట్లాడనివ్వకుండా బతికేసే బతుకు. అలాంటివాణ్ణి ఇప్పుడు తన పడవ ఎక్కించుకోవాలట!

ఏటా వానలు వెళ్ళగానే పెద్దాయన తెరచాప ఎత్తి, లైట్‌హౌస్ ఉన్న దీవి దాకా ఒంటరిగా వెళ్ళొస్తాడు. భార్య పోయాక ఆయనకు మిగిలిన సంతోషం అదొక్కటే. ఈసారి కూతురు అడ్డం పడింది.

“ఆయన్ని తోడు తీసుకెళ్ళు నాన్నా. ముందు ఒక పూట ఆయనతో తిరిగి చూడు. పనికిరాడంటే నేనాపను, నువ్వొక్కడివే వెళ్ళు.”

పనికిరాడని తేల్చడానికి పూట దేనికి? కొట్లో పావుగంట చాలు.

అల్లుడు ఈసారి దూదిపింజలాంటి తేలిక తాడు చుట్టను ఎత్తుకొచ్చాడు.

“ఇది నీళ్ళ మీద తేలుతుందండీ మహానుభావా. పక్క పడవ ఇంజను ఫ్యానుకు చుట్టుకుంటుంది. నైలాన్ తీయండి. గాలి గుంజితే సాగాలి, వదిలితే సర్దుకోవాలి. కాపురం చేస్తున్నారు, ఆ మాత్రం తెలీదూ?”

“గొలుసు ఈ మూరెడు చాలా మామయ్యా?”

“పడవంత పొడుగైనా ఉండాలి. దాని బరువుకే లంగరు నేలమీద పడుకుని పట్టు పడుతుంది. లంగరంటే పన్ను కాదు, పీకగానే ఊడి రావడానికి!”

కొట్టువాడు ఈసారి పైకే నవ్వేశాడు.

లంగరును గొలుసుకు బిగించే షాకిల్ దగ్గరికొచ్చేసరికి అల్లుడు మరీ దిగజారాడు. ముచ్చటగా, బొమ్మలా ఉన్నదాన్ని ఏరాడు. పెద్దాయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎలకను చూసినట్టు చూశాడు.

“దీనికి ఇంటి తాళంచెవులు తగిలించుకోండి. ఎంత బరువు మోస్తుందో ఒంటిమీద అచ్చు వేసుంటుంది, అలాంటిది తీయండి. మర బిగించాక దాని చెవికి తీగ చుట్టాలి. లేకపోతే అలల ఊపుకు తనంతట తనే విప్పుకుంటుంది. సామాను గట్టిదైతే చాలదు, అతుకు గట్టిగా ఉండాలి. లంగరంటే పన్ను కాదు అల్లుడుగారూ, పీకగానే ఊడి రావడానికి!”

ఈసారి కొట్టువాడు నవ్వలేదు. అల్లుడు మాత్రం అప్పుడే కొత్తగా విన్నట్టు నవ్వాడు. సిగ్గన్నది ఉంటేగా!

వీధి చివరిదాకా వచ్చాక కొట్టువాడు వెనకాలే పరిగెత్తుకొచ్చి, పెద్దాయన కళ్ళజోడు చేతిలో పెట్టాడు.

“చూశారా! మీకు చెప్పే గొడవలో పడి నాది నేను మర్చిపోయాను,” అంటూ పెద్దాయన ఆ తప్పు కూడా అల్లుడి నెత్తినే రుద్దాడు.

రేవులో పని మొత్తం పెద్దాయనదే. షాకిల్ బిగించాడు. తీగ చుట్టాడు. తాడు పురి విప్పి, గొలుసు చివరి కడియంలోంచి దూర్చి, మళ్ళీ తాడులోకే అల్లాడు. నున్నగా, జడ వేసినట్టు కుదిరింది. అల్లుడు తాడు రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు.

“దీన్నేం చేయమంటారు?”

“ముందున్న పెట్టెలో పడెయ్యండి. చెప్పని పనికి చెయ్యి పెట్టకండి. మిగతాది నేను చూసుకుంటాను.”

“సరే మామయ్యా.”

పడవ వెనక భాగంలో ఇంకో చిన్న లంగరు, తాడుతో సహా సిద్ధంగా కట్టి ఉంది.

“ఇదెవరి నిర్వాకం?”

“నాదే. పొద్దున్న కట్టాను. ఎందుకైనా మంచిదని.”

“పిరికివాడికి నీడ కూడా దయ్యమే,” అని పెద్దాయన తెరచాప ఎత్తించాడు.

కొండ మలుపు దాటాక చిన్న అఖాతం. వెనక నల్లరాళ్ళ ఒడ్డు. గాలి అటే వీస్తోంది. పెద్దాయన ముందుకెళ్ళి లంగరు వదిలాడు. గొలుసు గలగలమంటూ దిగింది. దాని వెంట తాడు సరసరా దిగింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి తాడు దానంతట అదే ఆగుతుంది. ఏటా ఆగుతూనే ఉంది.

“చూడండి అల్లుడుగారూ, పట్టంటే ఇదీ! లంగరంటే పన్ను కాదు...”

తాడు కొస ఆయన పాదాల పక్కనుంచి పాములా జారి నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

దాన్నెవరూ పడవకు కట్టలేదు.

పడవ రాళ్ళ వైపు కొట్టుకుపోసాగింది. పెద్దాయన ఖాళీ పెట్టెలోకి చూస్తూ ఉండిపోయాడు. అల్లుడు తొణక్కుండా వెనకనున్న చిన్న లంగరు ఎత్తి జారవిడిచాడు. తాడు బిగిసింది. పడవ ఒక్క కుదుపు కుదిపి ఆగింది.

పెద్దాయన గిర్రున వెనక్కి తిరిగాడు. ఈసారి నోట ‘గారు’ లేదు.

“కట్టలేదని తెలిసీ చూస్తూ ఊరుకున్నావా? దద్దమ్మా!”

అల్లుడు వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. ఆ ముసలి చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“కొట్లో నేను కావాలని చేసిన తప్పులన్నీ పట్టేశారు మామయ్యా, ఈ ఒక్క కొస కూడా గుర్తొచ్చి ఉంటే, మిమ్మల్ని ఇంకా ఒంటరిగా పంపొచ్చనే మీ అమ్మాయికి చెప్పేవాణ్ణి.”