రెండు సీట్ల సైకిల్

వ్యాన్ అమ్మేశానని రాస్కో చెప్పినప్పుడు లోర్నా నవ్వింది. వేళాకోళం అనుకుంది.

"ఇన్నేళ్లూ పాటలకంటే పొగే ఎక్కువ వదిలాం. ఈ వేసవంతా సైకిల్ మీదే కచేరీలు" అన్నాడు.

విస్కాన్సిన్‌లో పాత రైలు పట్టాలు పీకేసి సైకిల్ బాటలు వేశారు. వాటి మీదే ఊరూరూ తిరుగుతాడట. రెండు సీట్ల సైకిల్. వెనక తగిలించిన చిన్న బండిలో గిటారు, ఫిడేలు, మైకులు. ముందు సీట్లో ఫిడేలు వాయించే అమ్మాయి బ్రిన్. వెనక సీట్లో రాస్కో.

పెళ్లయిన నాటి నుంచీ వ్యాన్‌లో అతని పక్క సీటు లోర్నాది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆమె సైకిల్ తొక్కే వీల్లేదు.

"మరి నేను?"

"నువ్వు ఇంట్లో హాయిగా ఉండు" అన్నాడు ఎటో చూస్తూ.

పేపర్లు తెగ మెచ్చుకున్నాయి. జనమే స్టేజి పక్కన సైకిళ్లు తొక్కి మైకులకు కరెంటు పుట్టిస్తున్నారని రాశాయి. లోర్నా కళ్లు మాత్రం ఫొటోల మీదే. ఏ ఫొటోలో చూసినా రాస్కో మోచేతి మీద బ్రిన్ చెయ్యి. పేపరు బోర్లా పడేసేది.

చెల్లెలు జోడీ ఫోన్ చేసింది.

"అక్కా, స్పార్టా ఊళ్లో ఓ హోటల్లో బావని చూశానే. భూమిని కాపాడ్డం సంగతేమో గానీ, ఆ పిల్ల చెయ్యి మాత్రం వదలట్లేదు. చేప ముక్కలకి ముళ్లు కూడా ఆ పిల్లే తీసి పెడుతోంది!"

"నువ్వు పలకరించలేదా?"

"నా ముందునుంచే పోయాడు. చూసి కూడా చూడనట్టు!"

లోర్నాకి ఒళ్లు మండిపోయింది. కారు తీసింది.

ఎల్రాయ్ ఊరి పార్కులో కచేరీ. టోపీలు పెట్టుకున్న రైతులు వంతులేసుకుని సైకిళ్లు తొక్కుతున్నారు. లోర్నా పట్టుబట్టి ముందు వరసలో కూర్చుంది. పాట పాటకీ మధ్య బ్రిన్ అతని చెవిలో ఏదో చెబుతోంది. అతను నవ్వుతున్నాడు. తనతో అలా నవ్వి ఎన్నాళ్లయిందో!

పెళ్లిలో తనకోసం కట్టిన పాట ఎత్తుకున్నాడు. సూటిగా లోర్నా వైపే చూస్తూ పాడాడు. ముఖంలో ఒక్క గీతైనా కదల్లేదు. పెళ్లాం ఎదురుగా కూర్చుంటే కనీసం తడబడలేదు. ఇంత తెగించాడా!

కచేరీ అయింది. బ్రిన్ సామాను సర్దడానికి వెళ్లింది. రాస్కో స్టేజి మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు.

లోర్నా విసవిసా వెళ్లి అతని ముందు నిలబడింది. దారంతా కూడబెట్టుకున్న తిట్లు గొంతులోనే ఉండిపోయాయి. ఏడుపు ముంచుకొచ్చింది. పెదవి బిగబట్టింది.

రాస్కో తలెత్తి, పరాయివాళ్లకి నవ్వే మర్యాద నవ్వు నవ్వాడు.

"ఎవరోగానీ, బ్రిన్ నన్ను నడిపించడం చూసే ఉంటారు, నాకు చూపు పోయిందని ఎక్కడా అనకండేం, మా లోర్నాకి ఇంకా చెప్పలేదు."