ఎద్దు బేరమాడిన కరెంటు ట్రక్కు

ఎద్దులు సొంత వ్యాపారాలు చేసుకునే కాలంలో, గుమ్మడికాయలు మోసి మోసి నడుం పడిపోయిన ఎద్దొకటి నక్క కొట్లో కరెంటు ట్రక్కు చూసి మనసు పారేసుకుంది. ధర వినగానే నీరుగారిపోయింది.

"తొందరెందుకు బావా? చవక మోడల్ వస్తోంది, ఆగు," అంది నక్క.

ఎద్దు ఆగింది. కాయలు మోస్తూనే, ప్రతి సంతకీ ఆ కొట్టుకెళ్లి, "ఏసీ తీసెయ్, ధర తగ్గించు. తలుపులు తీసెయ్, ఇంకాస్త తగ్గించు," అంటూ బేరమాడింది.

చివరికి బండి వచ్చింది. దానికి మోటారు లేదు, బ్యాటరీ లేదు. ముందర ఒక కాడి మాత్రం ఉంది.

ఎద్దు అందులో మెడ పెట్టి చూసుకుంది. కొలత తీసి చేసినట్టుంది.

"మరి ఛార్జింగో?"

"గడ్డి చాలు బావా!"

"చూశావా, బేరమంటే అదీ! కరెంటు బిల్లు కూడా లేదు," అని ఎద్దు మురిసిపోయింది.

నక్క వెనకాల ఎక్కి కూర్చుంది. "ఇంకేం, ట్రయల్ చూద్దాం పద. హై, హై!"