చల్లబడిన కాలు

తమ్ముడు భూమన్నకు అక్క అమృతమ్మ దీవెనలు. మరదలి దగ్గు తగ్గిందా? కోడలికి నెలలు నిండుతున్నాయి, కాళ్లకు నీరు పట్టలేదు కదా? నీ మోకాళ్ల నొప్పుల గోలీలు వేళకు వేసుకుంటున్నావా? ఈ పట్నం దవాఖానలో కూర్చున్నా నాకు మీ అందరి రందే.

కాలి రక్తనాళానికి ఆపరేషన్ అయి మీ బావ ఇంటికొచ్చాక, ఆ కాలి మీదే బొబ్బలు వరుసగా లేచాయి. ఒంటి మీద ఇంకెక్కడా లేవు. డాక్టరుకు చూపిద్దామని నేను మొత్తుకున్నాను.

"ఊకె భయపడ్తవేందక్కా! తల్లి పోసింది. గోలీలేస్తె ఆమెకు కోపమొస్తది" అన్నావు. ఆపరేషన్ తరువాత ఇచ్చిన గోలీల పొట్లం తీసుకెళ్లి దూలంలో దోపావు. కాలి కింద వేపమండలు పరిచావు.

బొబ్బలు మాడాయి. ఆ వెనుకే పాదం చల్లబడింది. నువ్వు ముట్టి చూసి, "చూసినవా, తల్లి శాంతించింది" అని నవ్వి, పెరుగన్నం తిని మీ ఊరికి కల్హేర్ బస్సెక్కావు.

ఇక్కడి డాక్టరు నా మీద అరిచాడు. "గది అమ్మవారు కాదమ్మా, సర్పి. నరాలకు పట్టే వైరస్. నెత్తురు గడ్డ కట్టొద్దని ఇచ్చిన గోలీలు ఎవరాపమన్నరు?"

నీ పేరు చెప్పలేదు.

మీ బావ మాత్రం, "తల్లి దయతోటి పానం దక్కింది. మొక్కు చెల్లియ్యమని భూమన్నకు రాయి" అంటున్నాడు. మొక్కు సంగతి తరువాత. ఆయనకు ఇప్పుడు ఉన్నది ఒక్క కాలే. బస్సు దిగాక ఇంటిదాకా నువ్వే ఎత్తుకోవాలి. సోమవారం, పదమూడో తారీఖు, పొద్దుటి బస్సు వేళకు ఖేడ్ బస్టాండులో ఉండు.