మూసీ దాటిన పిల్లి

పిల్లి ఎదురొచ్చింది.

వెంకటేశం బండి ఆపి, వెనక్కొచ్చి, అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. ఆ వారంలో అది నాలుగోసారి.

"ఓ టీచరమ్మా! నువ్వు పాలు పోసుడుతోనే అది గీడ మకాం పెట్టింది. నా ఎరువుల దుకాణంల బేరాలన్నీ ఖతమైతున్నయ్" అని మేడ మీదికి అరిచాడు.

పిల్లికి బిచ్చం పెట్టడంటారే, ఆ మాట ఈయన్ను చూశాకే పుట్టి ఉంటుంది.

ఆయన మేడ మీద కిరాయికి ఉంటున్న లహరి ఆ పూటా గిన్నెలో పాలు పోసింది. మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు బదిలీ మీద వచ్చి మూడు నెలలు. ఇంటికొస్తే ఆమెకు తోడు ఆ బూడిదరంగు పిల్లి ఒక్కటే. అదీ దగ్గరికి రాదు. కింద గిన్నె పెట్టి, పది మెట్లు పైకెక్కితేనే తింటుంది. చెయ్యి చాపితే నీళ్ళ ట్యాంకు వెనక్కి దూరుతుంది.

ఒక్కసారైనా అది తన ఒళ్ళో పడుకోవాలని లహరి ఆశ.

మర్నాడు ఫకీరా సంచితో వచ్చాడు. చుట్టుపక్కల ఎవరింట్లో పిల్లి బెడద ఉన్నా వచ్చేది ఆ ముసలాయనే. పిల్లిని చంపితే పాపం. అందుకని పట్టి, మూసీ దాటించి వదులుతాడు. ఏరు దాటిన పిల్లి తిరిగి రాదని అందరి నమ్మకం.

ఎండుచేప వాసనకు పిల్లి వచ్చింది. సంచిలో పడింది.

లహరి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

"వదిలిపెట్టు! నీకు చేతులెట్ల వచ్చినయ్?"

"నా పని గిదే బిడ్డా."

"నోరులేని జీవి ఉసురు తగుల్తది నీకు!" అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఫకీరా తల దించుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఐదో రోజు పొద్దున చూస్తే పిల్లి మెట్ల మీద కూర్చుని ఉంది!

"నా కోసం మూసీ దాటి వచ్చింది" అని లహరి బళ్ళో అందరికీ చెప్పుకుంది. పైగా ఈసారి నాలుగు మెట్ల దూరంలోనే తింది.

వెంకటేశం మళ్ళీ పిలిచాడు. ఫకీరా మళ్ళీ పట్టుకెళ్ళాడు. వారం తిరక్కుండా పిల్లి మళ్ళీ హాజరు. ఈసారి అది లహరి వేళ్ళు వాసన చూసింది.

మూడోసారి తిరిగొచ్చినప్పుడు ఏకంగా ఒళ్ళోకెక్కి పడుకుంది.

వెంకటేశం హడలిపోయాడు. "మూసీని మూడుసార్లు దాటిందంటే గిది మామూలు పిల్లి కాదు" అని ఆ రోజు నుంచి అది ఎదురైతే దండం పెట్టి వెళ్ళసాగాడు.

గల్లీ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఫకీరాను ఆడిపోసుకున్నారు. ఒక్క పిల్లిని దాటించలేనివాడు ఇంకేం పట్టుకుంటాడన్నారు. ఇక అతన్ని ఎవరూ పిలవలేదు.

దారిలో కనబడితే లహరి ఊరుకుంటుందా?

"సూసినవా తాతా? నన్ను విడిచి అదెట్ల ఉంటది?"

"అవు బిడ్డా, ఇగ దానికి నువ్వే దిక్కు" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆరు నెలలు గడిచాయి.

ఒక పొద్దున కొత్తగా ఒకావిడ ఆకుకూరల గంపతో వచ్చింది. లహరిని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వని పిల్లి, ఒక్క దూకున వెళ్ళి ఆమె కాళ్ళకు చుట్టుకుంది.

లహరి తెల్లబోయింది. "నువ్వు దీనికెట్ల తెలుసమ్మా?"

"నేను కొమురమ్మను. ఫకీరా పెండ్లాన్ని."

"తాత మంచిగున్నడా?"

"ఎండకాలంల గుండె నొప్పొచ్చి పోయిండు బిడ్డా."

లహరి మెట్టు మీద కూర్చుండిపోయింది. తను అన్న మాటలకు సిగ్గేసింది. మెల్లగా అడిగింది.

"పిల్లిని మూసీ అవతల వదిలిండు కద?"

"యాడ ఇడిసిండు? మా ఇంట్లనే ఉంచిండు. మనిషంటే భయం పోవాలె దీనికి అనుకుంట, ఒళ్ళ కూసోపెట్టుకొని చేతితోని తినిపించేటోడు."

"మరి అంత దూరం నుంచి తిరిగెట్ల వచ్చింది?"

కొమురమ్మ వంగి పిల్లి తల నిమిరింది.

"అది రాలే బిడ్డా. 'ఆ పిల్ల ఏడ్చింది, నాకు బువ్వ దిగుతలే' అని, మూడుసార్లూ ఆయనే సంచిల పెట్టుకొచ్చి మీ గల్లి మూలకు ఇడిసిపోయిండు."