పుంజుగారి బెండమడి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోగానే, కోడిపుంజు పెరట్లో బెండగింజలు నాటింది. మర్నాడే మడి చుట్టూ ముళ్లకంప కట్టి, సున్నం బొట్లు పెట్టిన కుండే తలగా ఒక దిష్టిబొమ్మను వీధివైపు మొహం పెట్టి నిలబెట్టింది. నీళ్ల తొట్టిలో తేలుతున్న బాతుకి నవ్వాగలేదు. చేటంత మడికి, మొలకైనా రాకముందే, దిష్టట!

మొలకలు రానే వచ్చాయి. పుంజు రోజూ తెల్లారగానే కూత వేసి, కంప మీంచి దూకి, కాపలా పేరుతో మడిలో పచార్లు చేసేది. కోడికాలు ఊరుకుంటుందా? అడుగడుగునా మట్టి కెలుకుతూ, కనిపించిన పురుగునల్లా పొడుచుకు తింటూ నడిచేది. వారం తిరక్కుండా మొలకలన్నీ వేళ్లు పైకి తేలి ఎండిపోయాయి.

"చూశావా బాతక్కా! ఏ పాపిష్టి కళ్లు పడ్డాయో నా మడిమీద! మిగిలిన గింజలు నాటి, ఈసారి ఇంకో బొమ్మ కూడా పెడతాను," అని పుంజు వాపోయింది. వాపోతూనే కాలితో మట్టి కెలికింది.

బాతు ఆ కాలివంక చూసి, ముక్కు తుడుచుకుంది.

"ఇంకో బొమ్మెందుకు తమ్ముడూ, దండగ! ఉన్నదాన్నే మడివైపుకి తిప్పి పెట్టు."