చెమ్మ కాగితం

"ఫొటో ఉన్న కాగితం తెస్తేగాని శవాన్ని ఇయ్యరంట సారూ," అంది సమ్మక్క, గనికి కూలీలను పెట్టే ఠేకేదారు ఆఫీసు గడప అవతలే నిలబడి. చీర అంచు నుంచి ఎర్రమట్టి నీళ్లు కారుతున్నాయి.

గుమాస్తా గవర్రాజు కుర్చీలోంచి లేచాడు. పొద్దున ఇనపకొండ మీద మట్టిపెళ్ల విరిగిపడి ఒక కూలీ పోయాడన్న కబురు అతనికి అప్పటికే తెలుసు.

"లోపలికి రామ్మా. మీ ఆయన పేరేటి?"

"ముత్తయ్య. పామేడు కాడ మా ఊరు."

మామూలుగా ఆ పక్క ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పమంటే కొంగు నోట్లో కుక్కుకుంటారు. ఒకావిడ రేషను కార్డు రాయించడానికి వచ్చి, మొగుడి పేరు నోట రాక పక్కింటాయన పేరు చెప్పేసి, ఏడాది పొడుగునా పక్కింటికే బియ్యం మోసిందని గవర్రాజు అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. సమ్మక్క మాత్రం తడుముకోకుండా చెప్పేసింది. ఇంత కష్టంలో ఇంకా సిగ్గేం మిగులుతుందిలే అనుకున్నాడు.

"ఆ వసారాలో ఎవరు?"

"మా మరిది. జరం. పట్టుకొని నడిపించుకొచ్చిన."

తలా మొహమూ తువ్వాలుతో చుట్టుకుని, స్తంభానికి ఆనుకుని ఒక మనిషి వణుకుతున్నాడు.

గవర్రాజు కంప్యూటరులో ముత్తయ్య ఫొటో ఉన్న గేటు పాసు వెతికి ప్రింటరుకు పంపాడు. బస్తరు ముసురు అది. ఆ ముసురుకు ఆఫీసులో ఉప్పు నీళ్లయింది, పెట్టెలో అగ్గిపుల్లలు చిగుళ్లు వేశాయి. కాగితం ఒక్కటీ ఊరుకుంటుందా, తాగగలిగినంతా తాగింది. ప్రింటరులోంచి వేగిన అప్పడంలా మెలికలు తిరిగి బయటికొచ్చింది. గవర్రాజు బొటనవేలితో అలా రుద్దాడో లేదో, ఫొటోలో మొహమంతా మసిలా లేచి వేలికి అంటుకుంది.

"చెమ్మ కాగితం మీద ప్రింటరు పొడి పట్టదమ్మా," అన్నాడు.

"చాలు సారూ. అదే ఇయ్యి."

"ఇదెలా చాలుతుంది? మనిషో ఎలుగుబంటో తెలియకుండా ఉంది. ఆస్పత్రి వాళ్లు కాగితంలో మొహం, శవం మొహం పక్కపక్కన పెట్టి చూస్తారు. కలవలేదనుకో, లావారిస్, దిక్కులేని శవం అని రాసేసి వాళ్లే పూడ్చిపారేస్తారు. అప్పుడేటి చేస్తావు?"

సమ్మక్క తల తిప్పింది. వసారా వైపు ఒకసారి చూసింది.

బజారు నుంచి తెచ్చిన పలచటి కాగితం పెట్టాడు. ప్రింటరు రెండేసి కాగితాలు ఒకేసారి మింగి, గొంతుకడ్డం పడ్డట్టు గురగురమని ఆగిపోయింది. మూత తీసి, ఇరుక్కున్నవి ముక్కలు ముక్కలుగా లాగాడు.

"ఆ బల్ల మీది మెరుపు కాగితం పెడదామంటే అది సిరా ప్రింటరుది. దీని వేడికి కరిగి లోపల రోలరుకు అంటుకుంటుంది. అట్ట పెడితే మలుపు తిరగదు. దీనికీ ఓ నోరుంది, దానికో రుచుంది."

"ఎందుకు సారూ అంత తిప్పలు? మొదటిదే ఇయ్యి. పొద్దు గూకుతది. పామేడు తొవ్వ నీకు ఎరుకే కదా. వాగు పొంగిందంటే పీనుగును ఒడ్డున పెట్టుకొని కూసోవాలె."

"ఉండమ్మా. చచ్చినోడికి ఆఖరి ఫొటో ఇది. రేపు నువ్వే గోడకు పెట్టుకుని చూసుకుంటావు."

బీరువా తెరిచాడు. లోపల ఒక బల్బు వెలుగుతోంది. పెద్ద సాహెబు ఉత్తరాల కోసం కొన్న దళసరి తెల్ల కాగితాన్ని ఆ వెచ్చదనంలో పసిబిడ్డలా దాచాడు గవర్రాజు. సాహెబుకు తెలిస్తే తిట్లే. అయినా కట్ట విప్పాడు, కాగితాల అంచులు విసనకర్రలా విదిలించి ప్రింటరులో పెట్టాడు.

ఈసారి కాగితం కరకరలాడుతూ, మడత లేకుండా జారి వచ్చింది. వేలితో గట్టిగా రుద్దినా చెక్కుచెదరలేదు. ఎడమ కనుబొమ్మ మీద గాటుతో సహా మొహం నిగనిగలాడుతోంది.

"చూడమ్మా, మీ ఆయన ఎంత బాగా పడ్డాడో."

సమ్మక్క కాగితం వైపు చూడలేదు. నేల చూపులు చూస్తోంది.

వసారాలో మనిషికి దగ్గు తెర వచ్చింది. వంగి వంగి దగ్గుతుంటే తువ్వాలు జారి ఎడమ కనుబొమ్మ బయటపడింది. లోపలికొచ్చి కూర్చోమని పిలవబోయిన గవర్రాజు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ మనిషి గబగబా తువ్వాలు చుట్టుకున్నాడు.

గవర్రాజు చేతిలోని కాగితాన్నీ వసారానూ మార్చి మార్చి చూశాడు.

"అమ్మా," అన్నాడు గవర్రాజు గొంతు తగ్గించి, "మీ ఆయన పేరు ఇంకోసారి చెప్పు."

సమ్మక్క పెదాలు కదిలాయి. కొంగు నోట్లో కుక్కుకుంది.

"రాత్రి సంది ఈయనకు ఒళ్లు కాలిపోతుంటే... హాజిరీ పోతదని మరిదే ఆ పాసు పట్టుకొని పోయిండు..."

"వద్దు. నాకేం చెప్పకు."

మంచి కాగితాన్ని ముక్కలుగా చింపి జేబులో పెట్టుకున్నాడు. తెల్ల కట్ట తీసేసి, మొదటి చెమ్మ కాగితాలే మళ్లీ ప్రింటరులో పెట్టాడు. మెలికలు తిరిగి ఒకటి వచ్చింది. మొహం ఉన్నచోట తనే బొటనవేలితో మెల్లగా రుద్దాడు. కింద ముద్ర కొట్టి, 'వానకు ప్రింటు చెడింది, మనిషిని నేనెరుగుదును' అని హిందీలో రాసి సంతకం పెట్టాడు.

"ప్రింటరు పాడైంది, ఇంతకన్నా రాదన్నారని చెప్పు."

సమ్మక్క దండం పెట్టి, కాగితాన్ని పైట కింద దాచుకుని వానలోకి దిగింది. తువ్వాలు మనిషి ఆమె వెనకే మెట్టు దిగాడు.

గవర్రాజు వసారా అంచుదాకా వచ్చి, అటూ ఇటూ చూసి, ఆ మనిషి భుజం తట్టాడు.

"ముత్తయ్యా, ఆస్పత్రిలో ఆ తువ్వాలు మాత్రం తియ్యకు."