ఇష్టం గడి

ఆ కాలానికి ప్రతి వంటగది గోడకూ ఒక గడుల పట్టిక వచ్చేసింది. ఇంట్లోవాళ్ల ఆకలి, కోపం, ఇష్టం అందులో అంకెలుగా కనిపించేవి. గడిని తాకి అంకె మారిస్తే మనసూ మారిపోయేది.

సుజల రోజూ కాఫీ కలుపుతూ భర్త దివాకర్ కోపాన్ని కాస్త తగ్గించేది. ఆ పక్కనే అతని ఇష్టాలుండేవి. సుజల పేరు ఎదురుగా డెబ్బై. చనిపోయిన మొదటి భార్య హేమలత పేరు ఎదురుగా తొంభై రెండు. పోయిన మనిషితో పోటీ ఏమిటని ఎంత సర్దిచెప్పుకున్నా, చూపు అక్కడికే పోయేది.

ఒక ఆదివారం సుజల ఉండబట్టలేక హేమలత గడిలో సున్నా పెట్టేసింది.

భోజనాల దగ్గర హేమలత కూతురు పల్లవి, “నాన్నా, పులుసు అచ్చం అమ్మ చేసినట్టే ఉంది కదూ?” అంది.

“ఉంటే ఉందిలే, తిను,” అన్నాడు దివాకర్.

“అమ్మ పేరెత్తితే నీకు కళ్లు తడిసేవి కదా నాన్నా?”

“ఏమోనమ్మా, ఇప్పుడేం అనిపించట్లేదు.”

పల్లవి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి తండ్రినే చూస్తూ ఉండిపోయింది. తాను కోరుకున్నదే జరిగినా సుజల ఆ చూపును భరించలేకపోయింది. లేచి వెళ్లి మళ్లీ తొంభై రెండు పెట్టింది.

దివాకర్ చేయి కంచంలోనే ఆగిపోయింది. “మీ అమ్మ బెల్లం ఇంకాస్త ఎక్కువ వేసేదమ్మా,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

సుజలకు ఒళ్లు మండిపోయింది.

అయినా బెల్లం డబ్బా తెచ్చి, “ఎంత వేసేది?” అని అడిగింది.